ఒక్క మాట, నాలుగు వేషాలు

నిన్న మా అమ్మాయి వ్యాకరణం పుస్తకం పట్టుకొచ్చి, "నాన్నా, 'బ్యాక్' నామవాచకమా, క్రియా?" అని అడిగింది. "ముందు వాక్యం చెప్పు" అన్నాను. తప్పించుకుంటున్నానని అనుకుంది. నిజానికి జవాబు అదే! వీపు అనే అర్థంలో నామవాచకం. బ్యాక్ డోర్‌లో విశేషణం. తిరిగి రమ్మన్నప్పుడు క్రియావిశేషణం. కారును వెనక్కి నడిపినా, ఒకరిని బలపరచినా క్రియ. ఇంత జరిగినా రూపంలో ఒక్క అక్షరం మారదు. తెలుగులో వీపు మాత్రం, ఎన్ని విభక్తులు తగిలించినా, వీపే.

'రికార్డ్' మరీ కొంటెది. నామవాచకమైతే ఊనిక మొదటి అక్షరం మీద, క్రియ అయితే రెండో దాని మీద. 30 ఏళ్లుగా నేను రెండింటినీ ఒకేలా పలుకుతున్నాను. ఇప్పుడు మా అమ్మాయి దిద్దుతోంది.