ఫోషాన్‌లో నాలుగు బేరిపళ్లు

క్యాంటన్ ఫెయిర్ అనే పెద్ద వర్తక ప్రదర్శన జరిగే రోజుల్లో చైనాలోని గ్వాంగ్‌జౌలో హోటల్ రేటు అడగడమే పాపం. 2024 అక్టోబరులో టైల్స్ చూడ్డానికి వెళ్లాను. ఆ వారం మొత్తంలో నాకు గుర్తున్నది పక్క ఊరు ఫోషాన్‌లో తిన్న ఒక్క భోజనం.

మా దుబాసీ అమ్మాయి తన నాన్నగారి అరవయ్యో పుట్టినరోజుకి పిలిచింది. చేతులూపుకుంటూ ఎలా వెళ్తామని, మెట్రో దిగగానే నాలుగు పెద్ద బేరిపళ్లు కొని రంగుకాగితం చుట్టించాను. రూపాయల్లోకి మార్చుకుంటే ప్రాణం ఉసూరుమంది. తీరా ఆ అమ్మాయి సంచిలోకి తొంగి చూసి, మొహం మాడ్చుకుని, కాలితో కుర్చీ కిందకి నెట్టేసింది. వాళ్లు మాట్లాడే కాంటనీస్ భాషలో బేరిపండునీ, విడిపోవడాన్నీ ఒకేలా 'లెయ్' అంటారట. నాలుగు అంటే 'సెయ్', కాస్త స్వరం మారితే చావు! యాపిల్ అయితే శాంతికి గుర్తట. యాపిల్ చవక కూడాను.

తర్వాత 'ఈ-మీన్' అనే నూడుల్స్ వచ్చాయి. పోగు ఎంత పొడుగుంటే ఆయుష్షు అంత, మధ్యలో కొరకకూడదు. పెద్దాయన కళ్లు మూసుకుని ఒక పోగుని జుర్రుతుంటే టేబుల్ చుట్టూ ఎవరూ మాట్లాడలేదు. నాది గడ్డం మీదే తెగింది. అందరూ మర్యాదగా వేరేవైపు చూశారు. చివర్లో పీచ్ పండు ఆకారంలో, కొసన గులాబీ రంగు అద్దిన ఆవిరి బన్నులు. లోపల తామరగింజల ముద్ద, అచ్చం మన పూర్ణమే.

ఆయన పుట్టింది 1965లో. "ఇంకా యాభై తొమ్మిదేగా?" అన్నాను. అమ్మ కడుపులో ఉన్న కాలం ఎక్కడికి పోయిందని ఆయన ఎదురు ప్రశ్న. వాళ్ల పాత లెక్కలో పుట్టగానే ఒక ఏడు. నేను ఊరుకోక ఫోన్‌లో మా నాన్న షష్టిపూర్తి ఫొటో చూపించాను. అమ్మ మెడలో మళ్లీ తాళి కట్టడం చూసి, "అదే మొగుడా?" అని ఆయన భార్య కూతురిచేత అడిగించింది. అరవై ఏళ్ల చక్రం వాళ్లకీ ఉంది. ఆయన పుట్టిన ఏడు మనకి విశ్వావసు, వాళ్లకి 'కొయ్య పాము'. రెండూ తిరిగొచ్చేది 2025లోనే. "అయితే వచ్చే ఏడు మీ లెక్క ప్రకారం మళ్లీ చేద్దాం, రండి" అన్నాడాయన.

వచ్చేటప్పుడు ఆ అమ్మాయి గుట్టుగా సంచి నా చేతికే ఇచ్చేసింది. రాత్రి గదిలో ఒక్కణ్ణే కూర్చుని నాలుగూ తిన్నాను. తియ్యగానే ఉన్నాయి.