క్రామ్‌ఫర్డ్‌లో పడుగు నూలు

మాది చీరాల దగ్గర చేనేత ఇల్లు కావడం వల్ల, పడుగు (నిలువు దారం) వేరు, పేక (అడ్డ దారం) వేరు అన్న సంగతి నాకు అక్షరాలకన్నా ముందే తెలుసు. పేక నూలు కాస్త మెత్తగా ఉన్నా నడిచిపోతుంది గాని, పడుగు నూలు మగ్గం మీద బిగువుగా సాగి, పేకను మోసుకెళ్లే నాడె పోయిన ప్రతిసారీ, దువ్వెనలాంటి అచ్చు రాపిడికి ఓర్చుకోవాలి. మొన్న ఇంగ్లండులో, డెర్బీషైర్‌లోని క్రామ్‌ఫర్డ్‌ను చూశాక, ఆ ఊరు పెరిగిందే పడుగు నూలు కోసమని నాకు అనిపించింది.

డెర్బీ నుంచి మాట్లాక్ వెళ్లే చిన్న రైలు దిగి, డెర్వెంట్ నది మీది పాత రాతి వంతెన దాటి కాస్త నడిస్తే మిల్లు వస్తుంది. క్షురకుడిగా, విగ్గుల వ్యాపారిగా బతుకు మొదలుపెట్టిన రిచర్డ్ ఆర్క్‌రైట్, 1769లో నూలు వడికే యంత్రానికి పేటెంటు పొంది, 1771లో ఇక్కడ నీటి బలంతో నడిచే మిల్లును ప్రారంభించాడు. అంతకుముందు ఇంగ్లండులో వడికిన పత్తి నూలు పడుగుకు ఆగేది కాదు గనుక, అక్కడి నేతగాళ్లు అవిసె నార దారాన్ని పడుగుగా పోసి, పత్తిని పేకగా వాడుకునేవారు. మన కోరమాండల్ తీరంలో మాత్రం రెండూ పత్తివే. మన అద్దకపు బట్టలకు ఇంగ్లండులో ఎంత గిరాకీ ఉండేదంటే, ఉన్ని, పట్టు నేతవారి ఒత్తిడికి తలొగ్గి పార్లమెంటు 1721లో అద్దకపు నూలు బట్టల వాడకాన్నే చాలావరకు నిషేధించింది. ఆర్క్‌రైట్ యంత్రంలో ఒకదానికన్నా ఒకటి వేగంగా తిరిగే రోలర్ల జతలు పత్తిని సాగదీయగా, కదురు దానికి గట్టి పురి ఎక్కించేది. అలా పడుగుకు ఆగే నూలు చేతికి వచ్చాక, ఆయన పట్టుబట్టి 1774లో ఆ నిషేధాన్ని స్వదేశపు బట్టల వరకు సడలింపజేశాడు. అయితే, విదేశీ సరుకు కాదని తెలియడానికి, ఆ బట్ట రెండు అంచుల్లోనూ పడుగులో మూడేసి నీలం దారాలు వేయాలని చట్టం షరతు పెట్టింది.

మిల్లును బయటినుంచి చూస్తే కోటలా ఉంటుంది. వీధివైపు కింది అంతస్తులో కిటికీలు దాదాపు కనిపించవు. యంత్రాలను ద్వేషించిన జనం 1779లో లాంకషైర్‌లోని ఆయన మరో మిల్లును తగలబెట్టారు కాబట్టి, ఆ జాగ్రత్త అనవసరమైనదేమీ కాదు. చక్రాలను తిప్పిన నీటిలో కొంత సీసపు గనుల నుంచి కాలువగా వచ్చేది. అది గోరువెచ్చగా ఉండడంతో చలికాలంలోనూ గడ్డకట్టేది కాదట. పని రాత్రింబవళ్లు సాగేది, పనివాళ్లలో పిల్లలే ఎక్కువ. సమాచార ఫలకాలు ఆర్క్‌రైట్ మేధస్సును పొగిడినంత ఓపికగా ఆ పిల్లల గురించి చెప్పి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది.

మిల్లుకన్నా నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది నార్త్ స్ట్రీట్. 1776 ప్రాంతంలో పనివాళ్ల కోసం కట్టిన మూడంతస్తుల రాతి ఇళ్లు రెండు వరుసలుగా నేటికీ నిలిచి ఉన్నాయి. ఆడవాళ్లూ పిల్లలూ మిల్లుకు వెళితే, మగవాళ్లు పై అంతస్తులో, వెలుతురు కోసం పెట్టిన పొడవాటి కిటికీల దగ్గర మగ్గాల మీద కూర్చునేవారు. నేను అదేపనిగా పైకి చూస్తుండగా, ఒక పెద్దావిడ తలుపు తీసి ఏం కావాలని అడిగింది. మా ఇంట్లో మగ్గం నేలమీద గుంటలో ఉండేదని, ఇంత ఎత్తున నేయడం ఎక్కడా చూడలేదని చెప్పాను. ఆవిడ తనూ ఒకసారి పైకి చూసి, ఆ గదిలో ఇప్పుడు తన మనవడు పడుకుంటున్నాడని చెప్పింది.