నాయన రాయి ఈరోజు పగిలింది

కిడ్నీలో రాయిని బయటి నుంచే షాక్ వేవ్స్ (తరంగాల దెబ్బలు)తో పగలగొట్టే లిథోట్రిప్సీ కోసం పొద్దున ఆరింటికే బెంగళూరు మారతహళ్ళి నుంచి ఆటోలో బయల్దేరినాం, నాయన రాత్రంతా నిద్రపోలేదు, కోత లేదు కుట్లు లేవు అని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి ఆస్పత్రి అంటే కోతే, 30 ఏళ్ళ కిందట మా పెదనాయనకి రాయి తీసినప్పుడు పక్కన పడిన జానెడు మచ్చ కళ్ళారా చూసినాడు కదా.

రాయి 17 మిల్లీమీటర్లు, ఎడమ కిడ్నీలో. 20 దాటుంటే వీపులో చిన్న బెజ్జం వేసి తీయాల్సొచ్చేదంట. ఇంకొన్నాళ్ళు ఆలస్యం చేసుంటే అనుకుంటేనే గుండె జారిపోతుంది, అనంతపురం ఎండలో శెనక్కాయ చేన్లో పొద్దంతా ఉండి రెండు చెంబుల నీళ్ళు కూడా తాగని మనిషి, నడుము నొప్పి అంటే చేని పనివల్లే అనుకున్నాం అందరం, నేను కూడా.

ముక్కలు దారిలో అడ్డం పడకుండా డీజే స్టెంట్, అంటే కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఉండే సన్న గొట్టం, పోయిన వారమే వేసినారు. ఈరోజు మిషన్ మీద పడుకోబెట్టి, నీళ్ళ దిండు లాంటిదానికి జెల్ పూసి ఒంటికి ఆనించినారు, మధ్యలో గాలి బుడగ ఉంటే దెబ్బ సరిగ్గా తగలదంట, అందుకే టెక్నీషియన్ రెండుసార్లు చేత్తో సరిచేసినాడు. తలుపు మూసినాక నాకు వినిపించింది ఒకటే, టక్... టక్... టక్, సెకనుకొకటి. మొత్తం 3000 దెబ్బలు. కూర్చోలేక ఫోన్లో చదివినా, ఈ లిథోట్రిప్సీని మనిషికి మొదట చేసింది 1980లో, జర్మనీలో మ్యూనిక్‌లో, మిషన్ తయారు చేసింది డోర్నియర్ అనే విమానాల కంపెనీ, అప్పట్లో పేషెంట్‌ని నీళ్ళ తొట్టిలో దించేవాళ్ళంట. ఆ కనిపెట్టినోళ్ళకి అక్కడే మనసులో దండం పెట్టుకున్నా.

బయటికొచ్చి "వీపు మీద ఎవరో వేలితో ఠపఠపా కొట్టినట్టుంది, అంతే పాపా" అన్నాడు. నొప్పికి ముందే ఇంజెక్షన్ ఇచ్చినారు. మధ్యాహ్నం యూరిన్ ఎర్రగా వచ్చేసరికి అమ్మ ఏడుపు, ఒకట్రెండు రోజులు అట్లే ఉంటుందని డాక్టర్ చెప్పే పంపినాడు, అయినా కంటితో చూస్తే భయమే.

రాత్రి తొమ్మిదికి బాత్రూమ్ నుంచి పిలిచినాడు. దీనికోసమే కొన్న టీ వడగట్టే జాలీ అడుగున ఇసుక, అందులో రాగిగింజంత గోధుమరంగు ముక్కలు మూడు, ఒకదానికి ముల్లు లాంటి కొన. ట్యూబ్‌లైట్ కింద పెట్టి ఇద్దరం చాలాసేపు చూసినాం. ల్యాబ్‌కి ఇవ్వాల, ఏ రకం రాయో తెలిస్తే మళ్ళీ రాకుండా ఏం చేయాలో చెప్తారు. డబ్బీలో వేసి మూత పెట్టినా. నాయన "ఇంకా ఎన్ని రావాలో" అనుకుంటా చెంబు పట్టుకుని తానే నీళ్ళ క్యాన్ దగ్గరికి పోయినాడు.