చిక్కుడు పాదు మీద అక్షింతలు

జనవరి 18, ఆదివారం

మంచు ఇంకా విడవలేదు. కాఫీ గ్లాసుతో మేడ మీదకు వెళ్ళేసరికి చిక్కుడు పాదు కొసలన్నీ నల్లగా ఉన్నాయి. పేనుబంక. లేత తీగకు ఆవాలు అద్దినట్టు, సందు లేకుండా పట్టేసింది. కింది ఆకుల మీద జిగురు, ఆ జిగురు కోసం చీమల బారు.

ఆషాఢంలో కుండీలో పెట్టిన రెండు గింజలు ఇవి. పండగ దాకా బాగానే కాశాయి. వచ్చే ఆదివారమే రథసప్తమి. కాయలతో రథం కట్టాలి, పరమాన్నం చిక్కుడాకుల్లో పెట్టాలి. ఇంట్లో పాదు పెట్టుకుని ఆకులు బజారులో కొనడమంటే నాకు నామోషీ.

గబగబా మందు కలిపాను. లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె. ఉత్త నీళ్ళలో నూనె తేలిపోతుంది కనుక ముందు కుంకుడు రసంలో గిలకొట్టాలి. నిరుడు ఇదే మందు మిట్టమధ్యాహ్నం కొట్టి వంగ ఆకులన్నీ మాడ్చుకున్నాను. అందుకే ఎండెక్కక ముందే ముగించాలని తొందర.

సీసా ఎత్తాక కనిపించింది. నల్లటి ఒళ్ళు, పక్కల నారింజ మచ్చలు, ఆరు కాళ్ళు. బియ్యపు గింజంత మొసలి! పేనును ఒకదాన్ని నోట కరుచుకుని తాపీగా పీలుస్తోంది. అక్షింతల పురుగు, అదే లేడీబర్డ్, దాని పిల్ల. మొదట్లో వీటిని ఏదో కొత్త తెగులనుకుని నేనే నలిపేసేదాన్ని. ఎన్నిటిని చంపానో! వెతికితే ఇంకో మూడు దొరికాయి.

ఈలోగా అత్తయ్యగారు భోగి మంట బూడిద డబ్బాతో వచ్చారు.

"మంచు తడి మీదే చల్లాలమ్మా, బాగా అంటుకుంటుంది."

"వద్దండీ, పిల్లలున్నాయి."

"ఎవరి పిల్లలు?"

చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు వంగి చూశారు. "బాగానే తింటోంది. మరి ఈ చీమలు ఊరుకుంటాయా?" అన్నారు.

నాకు తట్టని సంగతి అదే. జిగురిచ్చే పేనును చీమలు పశువుల్లా కాస్తాయి, తినవచ్చిన వాటిని తరుముతాయి. ఆవిడ బూడిదను ఆకుల మీద కాకుండా కుండీ చుట్టూ ముగ్గులా పోశారు. పందిరి కర్ర మొదట్లో కూడా. మరీ నల్లబడిన కొసలు నాలుగు నేను తుంచేశాను, మొసళ్ళు లేనివి చూసుకుని.

ఈ ఓపిక అన్నిటికీ చెల్లదు లెండి. వానల్లో బీరపాదుకు ఇలాగే ఊరుకుంటే పండు ఈగ పిందెలన్నీ కుట్టేసింది. చివరికి పిందె పిందెకూ కాగితం సంచి కట్టాల్సి వచ్చింది. ఎరువు డ్రమ్ము కూడా ఆ రోజుల్లోనే కంపు కొట్టింది, తడి తొక్కలు తప్ప ఎండుటాకు వేయలేదని. ఇప్పుడు రాలిన ఆకులు ఒక గోనెలో దాస్తున్నాను. సగం ఎరువుకు, సగం మేలో కుండీల్లో మట్టి ఎండిపోకుండా పైన కప్పడానికి.

మధ్యాహ్నం అత్తయ్యగారు మళ్ళీ మేడెక్కారు. శుభ్రంగా ఉన్న ఆకులు ఏడు ఏరి, తొడిమలకు ఎర్రదారం కట్టి వచ్చారు, నేను పొరపాటున కోసేస్తానని.

కలిపిన వేపనూనె రేపటికి పనికిరాదు. సాయంత్రం మందారానికి పట్టిన పిండినల్లి మీద కొట్టాను, ఆకు ఆకూ తిప్పి చూసుకున్నాకే.