కళింగపట్నం ఒడ్డున ఉపగ్రహం దారి వెతుకుతూ

కళింగపట్నం వెళ్లేవాళ్లు వంశధార సముద్రంలో కలిసే చోటు చూడటానికో, లైట్‌హౌస్ చూడటానికో వెళ్తారు. నేనూ మా బావమరిదీ వెళ్లింది ఆస్కార్-7 అనే హ్యామ్ రేడియో (అభిరుచి కొద్దీ రేడియో నడిపేవాళ్ల) ఉపగ్రహం కోసం. దాని రేడియో సిగ్నల్ పట్టుకుని, అది ఏ దారిన వెళ్తోందో లెక్క కట్టాలని. తూర్పున అడ్డేమీ లేని ఆకాశం కావాలి. మన జిల్లాలో అందుకు ఇంతకన్నా మంచి చోటు నాకు తోచలేదు.

ఈ ఉపగ్రహం అంటే నాకు చాలా ఇష్టం. 1974 నవంబరులో పైకి వెళ్లింది. బ్యాటరీ పాడై 1981లో మూగబోయింది. 2002లో మళ్లీ పలికింది! అప్పటినుంచి బ్యాటరీతో పని లేకుండా, సోలార్ పలకల మీద ఎండ పడినంతసేపూ పనిచేస్తోంది. దాదాపు 1,450 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ మోర్స్ కోడ్‌లో, అంటే పొట్టి పొడుగు కూతల భాషలో, తన క్షేమసమాచారం పంపుతుంది.

శ్రీకాకుళం కాంప్లెక్స్ దగ్గర ఇడ్లీ కట్టించుకుని పొద్దున్నే బస్సెక్కాం. ఒడ్డుకు చేరాక ఇసుకలో వెదురు కర్ర పాతి, దానికి అర మీటరు అల్యూమినియం కడ్డీలు రెండు వి ఆకారంలో బిగించాం. కేబుల్ చివర చిన్న యూఎస్‌బీ రేడియో రిసీవర్, ల్యాప్‌టాప్. అంతే సరంజామా. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు, "ఏటి బాబూ, టీవీ ఏంటినాయా?" అంటూ వచ్చి పక్కనే కూర్చున్నారు.

తెర మీద 145.97 మెగాహెర్ట్జ్‌కి కాస్త పైన సన్నటి గీత మొదలైంది. ఉపగ్రహం సిగ్నల్ ఫ్రీక్వెన్సీ క్షణక్షణానికీ ఎంతుందో చూపే గీత అది. ఉపగ్రహం దగ్గరవుతున్నంతసేపూ ఫ్రీక్వెన్సీ ఎక్కువగా, దూరమవుతుంటే తక్కువగా అందుతుంది. ఆగకుండా పోయే రైలు కూత మనల్ని దాటగానే బొంగురుపోతుందే, అదే సూత్రం. గీత ముందు మెల్లగా వంగి, నడుమ గబగబా దిగి, మళ్లీ నెమ్మదించింది. బాగా నిటారుగా దిగిన ఆ క్షణమే ఉపగ్రహం మనకు అత్యంత దగ్గరగా ఉన్న క్షణం. ఎంత నిటారుగా దిగితే అంత దగ్గరగా వెళ్లిందని లెక్క. 1957లో స్పుత్నిక్ పైకి వెళ్లినప్పుడు అమెరికాలో గైయర్, వైఫెన్‌బాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇలాంటి గీతల నుంచే దాని కక్ష్య కట్టారు.

ఇక్కడ గడియారం విషయంలోనే నాకు టెన్షన్. ఒక్క సెకను తేడా వస్తే ఉపగ్రహం ఏడు కిలోమీటర్లు ముందుకో వెనక్కో పోయినట్టే. అందుకే టైమూ, మేం నిలబడ్డ చోటూ రెండూ జీపీఎస్ నుంచే తీసుకున్నాం.

అయినా ఒక్క చోటి గీతతో ఉపగ్రహం మనకు తూర్పున వెళ్లిందా, పడమర వెళ్లిందా తేల్చడం కష్టం. అందుకని దాదాపు 80 కిలోమీటర్ల అవతల, మాకు పడమరగా ఉన్న విజయనగరంలో మా స్నేహితుడు తన మేడ మీద ఇలాంటి యాంటెన్నాతోనే కూర్చున్నాడు. తిరుగు బస్సులో అతని గీత ఫోన్‌కి వచ్చింది. ఉత్తరం నుంచి దిగిన ఉపగ్రహం మాకు కొన్ని సెకన్ల ముందే దగ్గరైంది. మా గీత అతని గీతకన్నా కొంచెం నిటారుగా ఉంది. అంటే అతనికన్నా మాకే దగ్గరగా, తూర్పున సముద్రం మీదుగానే వెళ్లింది! బస్సులో అందరూ తిరిగి చూసేలా అరిచాడు మా బావమరిది.

అరసవల్లిలో దర్శనం చేసుకుని ఇల్లు చేరాక మళ్లీ లెక్కలకు కూర్చున్నాం. రెండు చోట్లూ ఇంకా దూరంగా ఉంటే కక్ష్య ఇంకా గట్టిగా తేలుతుంది. ఇచ్ఛాపురంలో మా పిన్నిగారి మేడ ఖాళీగానే ఉంది, అడగాలి.