పావుకిలో కిస్మిస్

నిరుటి సంక్రాంతికి పరమాన్నంలో వేయడానికి తెచ్చి వంటింటి గట్టు మీద ఉంచిన పావుకిలో కిస్మిస్ పొట్లాన్ని మా బుజ్జి భోగినాటి మధ్యాహ్నం కిందికి లాగి సగానికి పైగా తినేసింది. అది పదకొండు కిలోల బరువున్న కుక్క. చిరిగిన పొట్లం చూసి కూడా నేను కంగారుపడలేదు. ఎండుద్రాక్షే కదా, మహా అయితే కాస్త అజీర్తి చేస్తుందని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

ఆ రాత్రి అది రెండుసార్లు వాంతి చేసుకుంది. నీళ్లు పీల్చి ఉబ్బిన కిస్మిస్‌లు వాంతిలో అలాగే కనిపించాయి. పండుగ ఉదయం పాలు ముట్టలేదు. గొబ్బెమ్మల చుట్టూ గంతులు వేసే పిల్ల మంచం కింద ముడుచుకొని పడుకుంది. సాయంత్రానికి మూత్రం పోయడం బాగా తగ్గింది. పశువుల ఆసుపత్రికి చేరేసరికి ముప్పై గంటలు గడిచాయి, రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, 4.6కు పెరిగిందని తేలింది. “కిడ్నీలు దెబ్బతిన్నాయమ్మా. తిన్న రెండు గంటల్లోపు తెచ్చి ఉంటే వాంతి చేయించి చాలావరకు బయటికి తీసేవాళ్లం” అన్నారు వైద్యురాలు.

నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. ఎంత మూత్రం వస్తోందో కొలుస్తూ, ఆ లెక్కనే సెలైన్ మోతాదు మార్చారు. మూడో రోజు తెల్లవారుజామున పరుపంతా తడిసినప్పుడు నేను ఏడ్చేశాను.

ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తుందని ఇప్పుడు పరిశోధకులు భావిస్తున్నారనీ, ఏ కుక్కకు ఎన్ని పండ్లు ప్రమాదమో ముందుగా చెప్పలేమనీ ఆవిడ వివరించారు. ఆ ఆమ్లం చింతపండులోనూ మెండుగా ఉంటుందట. చింతపండు తిన్న కుక్కల కిడ్నీలు కూడా ఇలాగే దెబ్బతిన్నట్లు 2022లో ఒక పశువైద్య పత్రికలో వచ్చిందట. ప్రతి పండుగకూ మా అత్తగారు దానికి ప్రేమతో పెట్టే పులిహోర ముద్ద అప్పుడు గుర్తొచ్చింది. గారెల్లో వేసే ఉల్లిపాయ కూడా కుక్క రక్తంలోని ఎర్రకణాలను విరిచేస్తుందని, ఆ లక్షణాలు బయటపడడానికి కొన్ని రోజులు పట్టవచ్చని ఆ రోజే తెలిసింది.

ఆరు వారాలకు క్రియాటినిన్ 1.4కు దిగింది. ఈ ఏడు భోగినాడు పులిహోర కలపక ముందే మా అత్తగారు ఉత్త అన్నంలో ఉడికించిన గుమ్మడికాయ మెదిపి బుజ్జి పళ్లెంలో పెట్టారు. కిస్మిస్ డబ్బాను నేను అటక మీదికి చేర్చాను.