రాంబాడా ఉండేదట అక్కడ

గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కి 16 కిలోమీటర్ల ఎక్కుడు. మోకాళ్ల నొప్పులున్న మా అక్కకి డోలీ మాట్లాడి నేను వెనకే నడిచాను. సగం దారిలో డోలీ మోసే నేపాలీ కుర్రాడు ఒకచోట ఆగి, మందాకిని ఒడ్డు వైపు చెయ్యి చూపించాడు. "మాతాజీ, రాంబాడా అక్కడే ఉండేది" అన్నాడు అక్కతో.

చూస్తే బండరాళ్లు, కొండవాలులో తెగిపోయిన పాత కాలిబాట. యాత్రికులు టీ తాగి, రాత్రికి తలదాచుకున్న ఊరది. 2013 జూన్‌లో ఆనవాలు లేకుండా కొట్టుకుపోయింది. అందుకే ఇప్పుడు నది దాటి కొత్త దారిన ఎక్కాలి.

పైన దర్శనం బాగా జరిగింది. కళ్లనీళ్లు ఆగలేదు. ఆ తర్వాత గుడి వెనక్కి వెళ్లి భీమశిల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. జూన్ 17 ఉదయం ఎగువనున్న చోరాబారి సరస్సు గట్టు తెగి వరద విరుచుకుపడినప్పుడు, ఈ బండే నీటిని రెండుగా చీల్చి గర్భగుడిని కాపాడిందని అందరూ దండం పెడుతున్నారు. నేనూ పెట్టాను. కానీ చుట్టూ ఉన్నవేవీ మిగల్లేదే! వేల మంది పోయారు, మన తెలుగువాళ్లూ ఉన్నారు అందులో.

ఎడతెగని వాన, కరిగిన మంచు, తెగిన గట్టు: ఇవి మన చేతిలో లేవు, నిజమే. మందాకిని, సరస్వతి నడుమ ఉన్న ఆ కాస్త చోటులో, నీళ్లు ఒకప్పుడు పారిన పాయల మీద కూడా లాడ్జీలు లేపింది మాత్రం మనమే. నది తన పాత దారినే మళ్లీ పట్టింది. మూసీ ఒడ్డున ఉండేవాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

దిగేటప్పుడు దారి పక్క సెలయేట్లో చిప్స్ ప్యాకెట్లు, రెయిన్‌కోటు ముక్కలు రాళ్ల సందుల్లో ఇరుక్కుని కనిపించాయి. తలమీద హెలికాప్టర్ల మోత. బరువుకి కాళ్లు వణుకుతున్న కంచరగాడిదను ఒకతను కర్రతో అదిలిస్తుంటే అక్క ముఖం తిప్పేసుకుంది.

బదరీకి వెళ్తూ జోషీమఠ్‌లో ఆగాం. పాత కొండచరియ శిథిలాల మీద నిలిచిన ఊరిది, భారీ కట్టడాలు వద్దు, వాలులో బండలు కదిలించొద్దని ప్రభుత్వం వేసిన మిశ్రా కమిటీ 1976లోనే చెప్పింది. ఎవరూ చెవిన పెట్టలేదు. 2023 జనవరిలో వందల ఇళ్లు పగుళ్లిచ్చాయి. మేం టీ తాగిన కొట్టు గోడలో అరచెయ్యి దూరేంత చీలిక ఉంది, సిమెంటు పూసినా మళ్లీ విచ్చుకుంది. "రాత్రి వాన పడితే పిల్లల్ని పక్కింట్లో పడుకోబెడతాం" అంది కొట్టు నడిపే ఆమె.

ఊరు దాటాక అరగంటకే బస్సు ఆగింది. రోడ్డు వెడల్పు కోసం కొండ అంచు కోశారు, పైనుంచి రాళ్లు జారాయి. అవి తీసేదాకా కూర్చున్నాం. రోడ్డు ఇంకా పెద్దది చేయాలని మా బస్సులోనే ఒకాయన గట్టిగా అంటుంటే నాకు కోపం వచ్చింది. జోషీమఠ్‌లో చూసిన గోడ గురించి చెప్పాను. ఆయన వినలేదు.